దొంగ నొప్పులు, నిజమైన నొప్పులు

ధ్యాన భాగములు: యెషయా 26:17-19, మత్తయి 24:3-8, గలతీయులకు 4:19



కాన్పు నొప్పులను గురించి సంఘపెద్దలు వ్రాయుట ఏమిటి, అది ఆడవారు తమలో తాము మాట్లాడుకొను సంగతి గదా అని కొందరికి తోచవచ్చును. పరిశుద్ధ గ్రంథము ఆలాగు తలంచలేదు. యెషయా, యిర్మీయా, మీకా ప్రసవవేదనను గురించి జనులందరి యెదుట మాట్లాడిరి. మన ప్రభువు సిలువకు వెళ్లు ముందటి రాత్రి శిష్యులతో మాట్లాడుచు, నొప్పులు పడు స్త్రీ దుఃఖమును, బిడ్డ పుట్టిన తరువాత ఆమెకు కలుగు సంతోషమును దృష్టాంతముగా తీసికొనెను (యోహాను 16:21). అక్కడ కూర్చున్న శిష్యులు మగవారే. పౌలు భార్య లేనివాడైనను గలతీయులకు వ్రాయుచు తనను తాను నొప్పులు పడు తల్లితో పోల్చుకొనెను. కాబట్టి మేమును సంకోచము విడిచి వ్రాయుచున్నాము.

యెషయా 26వ అధ్యాయములో యూదా జనులు దేవుని యెదుట ఒక విచిత్రమైన ఒప్పుకోలు చేయుచున్నారు. నెలలు నిండిన స్త్రీవలె మేము మెలికలు తిరిగితిమి, అరచితిమి, తీరా చూస్తే గాలి తప్ప మాకేమియు పుట్టలేదు అని వారి మాటల భావము. నిండు చూలాలిని అర్ధరాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయి, తెల్లవార్లు బెంచీ మీద కూర్చుండి, "ఇంకా టైము ఉందమ్మా, ఇంటికి వెళ్లిరండి" అని నర్సమ్మ చెప్పగా సంచీలు మోసికొని తిరిగివచ్చిన కుటుంబమునకు ఈ వచనమునకు వ్యాఖ్యానము అవసరము లేదు. అయితే ఆ తరువాతి వచనమును కూడా చదువవలెను. గాలిని కంటిమని చెప్పినవారిని దేవుడు నవ్వలేదు, గద్దించలేదు. 19వ వచనములో ఆయన వారికి ఇచ్చినది మృతులు బ్రదుకుదురను వాగ్దానము. ఇంత కష్టపడి ఏమియు కననివారికి అంత పెద్ద వాగ్దానము!

మన తెలుగులో వీటికి దొంగ నొప్పులని పేరు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారమగుటచేత మాకు మాటల మీద కొంచెము చాదస్తము కలదు, ఓర్చుకొనండి. దొంగ ఏడుపు అంటాము, దొంగ దండము అంటాము, దొంగ నిద్ర అంటాము. అక్కడ దొంగ అనగా లేనిదానిని ఉన్నట్టు నటించుట. అదే మాట నొప్పుల ముందు చేర్చినప్పుడు, పాపము ఆ పిల్ల నటించుచున్నదను భావము మనకు తెలియకుండానే వచ్చి కూర్చుండును. ఆమె నటించుట లేదు. కడుపు రాయివలె బిగుసుకొనుట నిజమే, ఆమె పడు బాధయు నిజమే. బిడ్డ వచ్చు గడియ మాత్రమే ఇంకా రాలేదు.

1872లో ఇంగ్లాండు దేశపు డాక్టరు జాన్ బ్రాక్స్టన్ హిక్స్ ఈ బిగుసుకొనుటను గురించి వివరించి వ్రాసెను. వైద్యులు నేటికిని వీటిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. మన అమ్మమ్మలును మంత్రసానులును అంతకు ఎంతో ముందే వీటిని ఎరుగుదురు గాని వారి పేరు ఎవరును పెట్టలేదు. గర్భసంచి అంతయు కండరమే. నెలలు గడచుకొలది అది అప్పుడప్పుడు బిగిసి, సడలి, రానున్న పనికి సాధన చేయునట్లుండును. కొందరికి ఇది అయిదారు నెలలకే తెలియును, ఎక్కువమందికి చివరి వారములలో తెలియును. పని ఎక్కువై అలసినప్పుడు, నీళ్లు తక్కువ త్రాగినప్పుడు, మూత్రము ఆపుకొనినప్పుడు మరింత తెలియును. వేసవిలో బళ్లారి, రాయచూరు, సోలాపూరు ఎండలలో నీళ్లబిందెలు మోయు కోడళ్లకు ఇది రాకుండునా?

కావున నెలలు నిండిన స్త్రీకి కడుపు బిగిసినప్పుడు మొదట మూత్రమునకు వెళ్లివచ్చి, గ్లాసు రెండు గ్లాసుల నీళ్లు త్రాగి, ఎడమ ప్రక్కకు తిరిగి పండుకొనవలెను. పండుకొనియుండగా వచ్చినదైతే లేచి నాలుగడుగులు వేయవలెను. సాధన నొప్పులైతే సాధారణముగా దీనితో సర్దుకొనును. అవి ఒకసారి పది నిమిషములకు, ఒకసారి అరగంటకు, మరల ఏడు నిమిషములకు, ఒక వరుస లేకుండ వచ్చును. బలము పెరుగదు. ఎక్కువగా పొట్ట ముందు భాగముననే పట్టినట్లుండును.

నిజమైన నొప్పులు పండుకొన్నను, నడచినను, నీళ్లు త్రాగినను పోవు. అనేకులకు అవి నడుములో మొదలై ముందుకు చుట్టుకొని వచ్చును. గడియారము చూచుకొనుచు వ్రాసికొంటే వాటి వరుస కనబడును. ఒక నొప్పి మొదలైనది మొదలుకొని తరువాతి నొప్పి మొదలగువరకు లెక్కించవలెను. కొందరు నొప్పి ఆగినప్పటినుండి లెక్కపెట్టుదురు, అది సరికాదు. మధ్యకాలము తగ్గుచు, ఒక్కొక్క నొప్పి నిడివియు బలమును పెరుగుచుండును. తొలి కాన్పులో అయిదు నిమిషములకొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషము సేపు, ఒక గంట కాలము విడువక వచ్చినచో బయలుదేరవలెనని వైద్యులు సాధారణముగా చెప్పు లెక్క. రెండవ కాన్పు, మూడవ కాన్పు అయినవారు అంతవరకు ఆగకూడదు, వారికి త్వరగా జరుగును. ఆసుపత్రి దూరమైనవారును ఆగకూడదు. ఐగుప్తులో మంత్రసానులైన షిఫ్రా, పూయా ఫరోతో చెప్పిన జవాబు మీకు తెలిసినదే. హెబ్రీ స్త్రీలు తాము రాకముందే ప్రసవించుచున్నారని వారు చెప్పిరి (నిర్గమకాండము 1:19). పరదేశములో తరతరాలుగా కాపురమున్న జనుల స్త్రీలను గురించిన మాట అది. మనవంటివారే.

ఇంత చెప్పినను ఇంటిలో కూర్చుండి నూటికి నూరు పాళ్లు తేల్చి చెప్పుట ఎవరి తరమును కాదు. గర్భసంచి ముఖద్వారము తెరచుకొనుచున్నదా లేదా అన్నదే అసలు గురుతు. అది పరీక్ష చేసి చూచిన నర్సమ్మకో డాక్టరమ్మకో తెలియును. వారు కూడ ఒక్కొక్కసారి కొన్ని గంటలు ఉంచి మరల చూచిన తరువాతనే చెప్పగలరు. సంవత్సరముల తరబడి కాన్పులు చేసినవారికే అంత సమయము పట్టునప్పుడు, ఇరువది ఏండ్ల తొలిచూలు పిల్ల ఎట్లు చెప్పగలదు?

ఇక లెక్కలు పెట్టకుండ వెంటనే బయలుదేరవలసిన సందర్భములున్నవి. వీటిని ఇంటి మగవారు కూడ కంఠస్థము చేయవలెను. ఉమ్మనీరు పోయినప్పుడు, నొప్పులున్నను లేకున్నను. ఆ నీరు పచ్చగానో గోధుమ రంగుగానో ఉన్నచో మరింత తొందరగా. రక్తస్రావము కనబడినప్పుడు. జిగురుతో కలిసి కొద్దిగా ఎరుపు కనబడుట నొప్పులకు ముందు సహజమే గాని ధారగా రక్తము పోవుట సహజము కాదు. బిడ్డ కదలిక తగ్గినదని తల్లికి తోచినప్పుడు. 37 వారములు నిండకముందే వరుసగా నొప్పులు వచ్చినప్పుడు. విడువని తలనొప్పి, చూపు మసకలు, ముఖము చేతులు వాచుట, ఫిట్స్, జ్వరము. నొప్పికి నొప్పికి మధ్య సడలింపు లేకుండ కడుపు అదేపనిగా బిగిసియున్నప్పుడు. ముందటి కాన్పు ఆపరేషను అయినవారు మొదటి నొప్పికే వెళ్లవలెను. నొప్పులు రావలెనని ఆముదము త్రాగించుట, ఇంటివద్ద ఎవరిచేతనో నొప్పుల సూది వేయించుట అసలే కూడదు. ఆ సూది గర్భసంచిని చీల్చివేయగలదు, బిడ్డకు ఊపిరి ఆడకుండ చేయగలదు.

ఇప్పుడు మా మనస్సులోని అసలు భారము చెప్పుచున్నాము. మేమెరిగిన ఒక విశ్వాసుల కుటుంబములో కొత్త కోడలు తొమ్మిదవ నెలలో రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లి తిరిగివచ్చినది. రెండవసారి తిరిగివచ్చిన రోజున ఇంటిలో ఎవరును ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. "మా కాలంలో పొలంలో కని బిడ్డను బుట్టలో పెట్టుకొని వచ్చేవాళ్లం" అని అత్తగారు నవ్వినది. "మళ్లీ ఆటోకు ఎంత అయింది?" అని మామగారు అడిగినాడు. ప్రార్థన కూటములో కూడ ఆ మాట వేళాకోళముగా తిరిగినది. మూడవసారి నొప్పులు వచ్చినప్పుడు ఆ పిల్ల చీరె కొంగు నోటిలో కుక్కుకొని, ఎవరిని లేపక, నాలుగు గంటలు గోడ పట్టుకొని నిలుచుండినది. ఉమ్మనీరు నేల మీద పారిన తరువాత గాని భర్తకు తెలియలేదు. బిడ్డ దారిలో ఆటోలోనే పుట్టినది. దేవుని కృపవలన తల్లియు బిడ్డయు బ్రదికిరి. అన్ని ఇండ్లలోను ఆలాగు ముగియదని ఈ పత్రిక చదువుచున్న పెద్దలు ఎరుగుదురు.

ఆమెను చావుబ్రతుకుల మధ్య నిలిపినది నొప్పి కాదు, నవ్వు.

మన కోడళ్లలో అనేకులు భాష రాని ఊరికి వచ్చినవారు. తొలి కాన్పు పుట్టింట అని మనకు ఆచారము. అయితే పుట్టిల్లు యానాములో, అత్తిల్లు సోలాపూరులో ఉన్నప్పుడు, చివరి వారములలో అంత రైలు ప్రయాణము డాక్టరును అడుగకుండ చేయరాదు. తల్లి రాలేదు, ప్రక్కింటివారితో మాట్లాడలేదు, నర్సమ్మ అడిగినది అర్థము కాదు. అట్టి పిల్లకు ఆ ఊరి భాషలో నాలుగు మాటలైనను ముందుగా నేర్పవలెను. కన్నడములో హెరిగె నోవు, తమిళములో ప్రసవ వలి, మరాఠీలో కళా, ఒడియాలో ప్రసబ జంత్రణా. యానాము వారికి ఈ చిక్కు లేదు, అక్కడ ఆసుపత్రిలో కూడ మన భాషే గదా! ఆటో ఖర్చును గురించి ఒక మాట: 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు ఉచితము, వెళ్లుటకు, తిరిగి ఇల్లు చేరుటకు వాహనమును ఉచితము. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో 108కి ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును. తల్లి కార్డు, స్కానింగు కాగితములు ఒక సంచీలో పెట్టి తలుపు దగ్గర ఉంచండి.

ప్రార్థన చేసికొని ఇంటివద్దనే ఉండుట గొప్ప విశ్వాసమని చెప్పువారు మనలో అక్కడక్కడ ఉన్నారు. వారు రాజైన హిజ్కియాను చూడవలెను. అష్షూరు సైన్యము ముట్టడించినప్పుడు, బిడ్డలు పుట్టు గడియ వచ్చినది గాని కనుటకు శక్తి చాలదని చెప్పి యెషయాయొద్దకు మనుష్యులను పంపినవాడు ఆయనే (యెషయా 37:3). ఆ దినములలో ఆయనకు మరణకరమైన రోగము వచ్చెను. ప్రార్థించెను, 15 సంవత్సరముల ఆయుష్షు వాగ్దానముగా పొందెను. వాగ్దానము దొరికినది గదా అని ప్రవక్త ఊరకుండెనా? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించెను (యెషయా 38:21). అంబులెన్సు వచ్చువరకు ప్రార్థించండి, దానిలో కూర్చుండి కూడ ప్రార్థించండి.

వేలూరు ఆసుపత్రికి వెళ్లనివారు మన సంఘములలో తక్కువ. దాని మూలము కాన్పు నొప్పుల రాత్రియే. 1870లో మన దేశములోనే పుట్టిన మిషనెరీ బిడ్డ ఐడా స్కడ్డర్, తన తలిదండ్రులయొద్ద తిండివనములో ఉన్న కాలమున, ఒకే రాత్రి ముగ్గురు మనుష్యులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, మా భార్యలు కాన్పు కష్టములో ఉన్నారు, నీవు రమ్మని వేడుకొనిరి. ఆమెకు వైద్యము రాదు. ఆమె తండ్రి డాక్టరు. అయితే పరపురుషుడు తమ స్త్రీలను చూడరాదని వారు ఒప్పుకొనలేదు. తెల్లవారుసరికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఐడా వైద్యము చదువుకొని 1900లో తిరిగివచ్చి వేలూరులో పని ప్రారంభించినది, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టినది. గమనించండి, ఆ ముగ్గురు భర్తలకు అవి నిజమైన నొప్పులని తెలియును. తలుపు తట్టుటకు వారు సిగ్గుపడలేదు. అడ్డుపడినది కట్టుబాటు. ఆ కట్టుబాటు నేడు మన ఇండ్లలో లేదు. నలుగురు నవ్వుదురను భయము మాత్రము దాని స్థలములో కూర్చున్నది.

మత్తయి 24వ అధ్యాయమునకు వచ్చుదము. గురుతు ఏదని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు యుద్ధములను, కరవులను, భూకంపములను చెప్పి, ఇవి వేదనలకు ఆరంభమేయని, అంతము అప్పుడే రాదని తేల్చెను. మంత్రసానివంటి మాట అది! నొప్పి ఉన్నదని ఒప్పుకొనెను, గడియ రాలేదనియు చెప్పెను, అడిగినందుకు వారిని చిన్నబుచ్చలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు రేపే అంతమని ఫోనులలో ఎన్ని సందేశములు తిరిగినవో మీకు జ్ఞాపకమే. కలవరపడవద్దని ఆయన చెప్పిన మాట మాత్రము వాటిలో కనబడలేదు.

ఆత్మ విషయములోను రెండు విధముల నొప్పులున్నవి. ఉజ్జీవ కూటములలో పాట సాగుచుండగా ఏడ్చి, చేయి ఎత్తి, ముందుకు వచ్చి మోకాళ్లూనినవారు, కూటము ముగిసి భోజనము చేసి పండుకొనిన తరువాత మామూలుగానే లేచుదురు. పండుకొనగానే పోయిన నొప్పి అది. నిజమైన మారుమనస్సు పండుకొన్నను పోదు. అప్పు తీర్చలేదను సంగతి, తమ్మునితో మాట్లాడుటలేదను సంగతి సోమవారము గుచ్చును, మంగళవారము మరి దగ్గరగా గుచ్చును, తుదకు మూసియున్న ఏదో ఒకటి తెరచుకొనును. తమ్ముని యింటి తలుపైనను, డబ్బుపెట్టె అయినను. తెరచుకొనుటయే గురుతు. కన్నీళ్ల కొలత గురుతు కాదు.

అయినను ఆ మొదటి ఏడ్పును దొంగ ఏడ్పు అనుటకు మాకు నోరు రాదు. గలతీయులను పౌలు ఒకసారి కని పెంచినవాడు. వారు వెనుకకు తిరిగినప్పుడు, క్రీస్తు రూపము వారిలో ఏర్పడువరకు మరల నొప్పులు పడుచున్నానని వ్రాసెను. మరల అను ఆ మాట మీద మేము ఎన్నో దినములు నిలిచియున్నాము. ఒకసారి గాలియే పుట్టినదని ఆ అపొస్తలుడు ఆసుపత్రి తలుపు మూయలేదు.

ఈ సంవత్సరము మీ సంఘములో బాప్తిస్మమునకు పేర్లు వ్రాసికొనునప్పుడు, గతములో రెండుమారులు పేరిచ్చి మానుకొనినవాడు ఒకడు మూడవమారు వచ్చి బల్ల యెదుట నిలువవచ్చును. అప్పుడు డీకనులలో ఒకరు నవ్వు ఆపుకొనుచు ప్రక్కవారి వైపు చూచెదరు. ఆ చూపు అతనికి తప్పక కనబడును. దయచేసి అతనికి కుర్చీ వేయండి. ముందుగా పేరు వ్రాసికొనండి, ప్రశ్నలు తరువాత అడుగవచ్చును.